ముల్లు ఎప్పుడు లేచిందో ముందు రాసుకో: పాత సుమో అప్పుడప్పుడు హీటెక్కుడు గురించి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. మీది హాలియా దగ్గరి ఊరు. మీ నాయన కొన్న 2003 మోడల్ సుమో, డీజిల్. మూడు నెలల్ల మూడుసార్లు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికి పోయింది, మళ్ళ దానంతటదే దిగింది. ఒకసారి శ్రీశైలం నుంచి ఏడుగురితోని తిరిగొస్తుంటే, డ్యామ్ దాటి ఈగలపెంట దిక్కు ఘాటు ఎక్కేటప్పుడు. ఇంకోసారి మల్లేపల్లి నుంచి మాల్ దిక్కు ఏసీ వేసుకొని 80 స్పీడుల పోతుంటే. 50కి తగ్గించినంక కిందికొచ్చింది. మూడోసారి పొద్దున్నే, ఇంటి నుంచి బయలెల్లిన రెండు నిమిషాలకు, ఊరి మట్టిరోడ్డు మీద. ఒక షెడ్డుల థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కినంకనే నీళ్ళను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తీసేసిండ్రు, ఇంకో షెడ్డుల రేడియేటర్ మూత మార్చిండ్రు, ఇప్పుడు మూడో ఆయన హెడ్ (సిలిండర్ల మీద బిగించే ఇంజన్ పైభాగం) విప్పాలె అంటున్నడు. విప్పించాల్నా వద్దా అని నీ ప్రశ్న.

ఇప్పుడే వద్దు. విప్పే రోజు రావచ్చు, కాని నువ్వు రాసిన దాంట్ల హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కు, కింది ఇంజన్‌కు నడుమ ఉండే సీలు) పోయిందనే గుర్తు ఒక్కటి కూడ లేదు. ముప్పై ఏండ్లకు పైగ ఈ పనిల ఉన్న. మొదట దేవరకొండల, తర్వాత నల్లగొండల. నేను చూసిన కాడికి అప్పుడప్పుడు మాత్రమే హీటెక్కే బండికి పెట్టిన ఖర్చుల సగానికి సగం దండగ ఖర్చే. ఎందుకంటే బండి షెడ్డుకు వచ్చినప్పుడు మంచిగనే ఉంటది. మెకానిక్‌కు తప్పు కండ్లకు కనపడదు, కనపడకపోతే తనకు అలవాటైన పార్టు మారుస్తడు. థర్మోస్టాట్ అలవాటున్నాయన థర్మోస్టాట్, హెడ్ పని అలవాటున్నాయన హెడ్. వాళ్ళను తప్పు పట్టుడు కాదు, నేను కూడ అట్ల చేసినోణ్ణే. ఆ సంగతి కిందికి చెప్త.

ముందు నువ్వు రాసిన మూడు సందర్భాలను విడదీసి చూద్దాం. అవి మూడు ఒక్క రోగం కాదు.

మూడోది, పొద్దున మట్టిరోడ్డు మీద జరిగింది, అసలు హీటే కాదు. రాత్రంత ఆగిన ఇంజన్ల ఎనిమిది తొమ్మిది లీటర్ల నీళ్ళున్నా, ఆరు లీటర్లే ఉన్నా, రెండు నిమిషాల్ల మరిగే వేడికి రావు. అంత ఇనుము, అన్ని నీళ్ళు వేడెక్కాలంటే టైమ్ పడతది. నిజంగ ఇంజన్ కాగుతుంటే ముల్లు మెల్లగ, నిమిషాల లెక్కన లేస్తది. చిటికె వేసినంతల లేచిందంటే అది వైరు పని. సెన్సార్ ఎట్ల పనిచేస్తదో తెలిస్తే నీకే అర్థమైతది. నీళ్ళు వేడెక్కిన కొద్దీ సెన్సార్ల రెసిస్టెన్స్ తగ్గుతది, కరెంటు ఎక్కువ పారుతది, ముల్లు లేస్తది. ఆ సెన్సార్ వైరు మీది తొడుగు ఎక్కడన్న ఒరిసిపోయి ఇంజన్‌కో బాడీకో తగిలిందనుకో, రెసిస్టెన్స్ సున్నా అయితది, ముల్లు నేరుగ చివరికి ఎగురుతది. గుంటల రోడ్డు మీద వైరు ఊగి తగిలింది, చదును రోడ్డు మీద విడిపోయింది. అంతే. బానెట్ లేపు, థర్మోస్టాట్ ఉండే గూడు దగ్గర సెన్సార్ ఉంటది. దాని వైరును మీటర్ దాక చేతితోని పట్టుకుంట పో, అక్కడక్కడ కదిలియ్యి. ఇంకొకరిని లోపల కూసోబెట్టి ముల్లు చూడమను. ఇంజన్ చల్లగున్నప్పుడు తాళం ఆన్ చేసి ఈ పని చేస్తే చాలు, స్టార్ట్ చేసే అవసరమే లేదు. అర్తింగ్ వైరు కూడ చూడు. హెడ్‌లైట్లు వేసినప్పుడో, హారన్ కొట్టినప్పుడో ముల్లు కదిలితే అర్తింగ్ లూజు ఉన్నట్టు.

ముల్లు అబద్ధం చెప్పే ఇంకో తీరు ఉన్నది, అది చాలా ప్రమాదం. నీళ్ళు తగ్గిపోయి సెన్సార్ నీళ్ళల్ల మునగకుండ గాలిలనో ఆవిరిలనో ఉండిపోతే, లోపల ఇంజన్ కాలిపోతున్నా ముల్లు కిందికి దిగుతది. డ్రైవరేమో 'అబ్బ, తగ్గింది' అనుకొని ఇంకింత తొక్కుతడు. ఘాటు మధ్యల ముల్లు ఉన్నట్టుండి పడిపోతే సంతోషపడొద్దు, బండి ఆపి చూడాలె. ఇంజన్లు సీజ్ అయిన బండ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు డ్రైవర్లు చెప్పే మాట ఎక్కువ ఇదే: 'ముల్లు కిందనే ఉన్నది అన్నా.'

ఇగ మొదటి రెండు సందర్భాలు. ఇవి నిజమైన హీటే. రెండింటికీ కలిసే సంగతి ఏంది? రెండుసార్లూ ఇంజన్ చాలా సేపు గట్టిగ పనిచేసింది. నువ్వింకో మాట రాసినవు, అది పెద్ద మాట అని నీకు తెలుసో లేదో: నల్లగొండ గడియారం సెంటర్‌ల ఎండకు అరగంట ట్రాఫిక్‌ల ఏసీతోని నిలబడ్డా ఏం కాలేదని. ఆ ఒక్క ముక్కతోని సగం అనుమానాలు పోయినయి.

ఎందుకంటే, బండి నిలబడ్డప్పుడు రేడియేటర్‌కు గాలి ఇచ్చేది ఫ్యాన్ ఒక్కటే. ఫ్యాన్ పోయినా, విస్కస్ కప్లింగ్ (వేడిని బట్టి ఫ్యాన్‌ను పట్టి తిప్పే భాగం) జారినా, ఫ్యాన్ చుట్టు కవరు ఊడిపోయినా బండి ఊర్లనే, సిగ్నల్ కాడనే హీటెక్కాలె, రోడ్డెక్కినంక చల్లబడాలె. నీది ఉల్టా. 80 స్పీడుల ఎదురుగాలి ఫ్యాన్ ఇచ్చేదానికంటే చాలా ఎక్కువ. అంత గాలి తగులుతున్నా వేడి పోతలేదంటే ఒకటి రేడియేటర్ల నుంచి గాలి దూరతలేదు, లేకుంటే నీళ్ళు తిరగాల్సినంత తిరుగుతలేవు. ఈ రెండిట్లనే మనం వెతకాలె. ఘాటు మీద మాత్రం ఎదురుగాలి తక్కువ ఉంటది కాబట్టి ఫ్యాన్‌కు కూడ పని పడతది. విస్కస్ ఉన్న బండి అయితే ఒక చిన్న పరీక్ష చేసుకో. ఇంజన్ బాగ వేడెక్కినంక ఆపి, తాళం తీసి జేబుల వేసుకొని, ఫ్యాన్‌ను చేతితోని తిప్పు. మంచి కప్లింగ్ అయితే బరువుగ తిరిగి వెంటనే ఆగుతది. సైకిల్ చక్రం లాగ తిరుగుతనే ఉంటే లోపలి సిలికాన్ ఆయిల్ కారిపోయినట్టు. కప్లింగ్ ముఖం మీద జిడ్డుగ దుమ్ము పట్టి ఉంటది, అది ఇంకో గుర్తు. పాత బండ్లల్ల ఎవరో ఒకరు విస్కస్ తీసేసి ఫ్యాన్‌ను నేరుగ బిగించి ఉంటరు. అట్లున్నా నష్టం లేదు, సప్పుడు ఎక్కువ, డీజిల్ కొంచెం ఎక్కువ తాగుతది.

మొదట గాలి సంగతి చూడు, దానికి పైస ఖర్చు లేదు. ఏసీ ఉన్న బండికి ముందు కండెన్సర్ (ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే జాలి), దాని వెనక రేడియేటర్. రెండిటి నడుమ రెండు వేళ్ళు పట్టేంత సందు. ముందు నుంచి చూస్తే జాలి శుభ్రంగనే కనపడతది, ఆ సందుల మాత్రం మెత్తలాగ దుమ్ము పేరుకొని ఉంటది. మన దిక్కు ఇది మామూలు దుమ్ము కాదు. హాలియా, మిర్యాలగూడ అంటే వరి. యాసంగి కోతలప్పుడు హార్వెస్టర్ల వెనక లేచే పొట్టు, రోడ్ల మీద ఆరబోసిన వడ్ల దుమ్ము. దేవరకొండ, చండూరు దిక్కు పత్తి. పత్తి లారీ వెనక పది కిలోమీటర్లు పోతే దూది పోగులు జాలికి పట్టుకుంటయి, వాటి మీద పొట్టు అంటుకుంటది, వాన పడితే ముద్ద అయితది. పై బ్రాకెట్ నట్లు విప్పి కండెన్సర్‌ను గ్యాస్ పైపులు వంగకుండ కొంచెం ముందుకు జరిపి, టార్చ్ కొట్టి చూడు. నీళ్ళు ఇంజన్ దిక్కు నుంచి బయటికి కొట్టాలె, అంటే దుమ్ము వచ్చిన తొవ్వలనే దాన్ని వెనక్కి పంపాలె. సర్వీసింగ్ సెంటర్‌ల ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొట్టనియ్యకు, పలచని రేకులు పండుకుంటయి, ఉన్న గాలి కూడ పోదు. మామూలు పైపు చాలు, ఓపిక ఉండాలె. కొందరు ముందర దోమల జాలి కట్టిస్తరు పురుగులు రాకుండ. అది ఉంటే తీసెయ్యి.

గాలి తొవ్వ శుభ్రమైతే ఇగ నీళ్ళు. నాకు ఎక్కువ అనుమానం ఇక్కడనే. అందుల మొదటిది చాలామంది చూడనే చూడని పార్టు, కింది హోస్ పైపు.

పాతికేండ్ల కింద సంగతి. అచ్చంపేట దిక్కు పల్లీల వ్యాపారం చేసే పెద్దమనిషి జీపు నా దగ్గరికి వచ్చింది. ఊర్ల తిరిగితే మంచిగుంటది, మన్ననూర్ దాటి అడవిల చడావు ఎక్కితే చాలు కాగుతది. నేను చూసిన, షెడ్డుల గంట సేపు స్టార్ట్‌ల పెట్టిన, ఏం లేదు. హెడ్ గ్యాస్కెట్ అని తేల్చిన. విప్పి, ఫేసింగ్ కొట్టించి (హెడ్ అడుగును మెషీన్ మీద చదును చేయించి), కొత్త గ్యాస్కెట్ వేసి ఇచ్చిన. వారానికి మళ్ళ వచ్చిండు. గ్యాస్కెట్ మంచిది పడలేదనుకొని మళ్ళ విప్పిన, మళ్ళ ఫేసింగ్. మళ్ళ అదే కథ. మూడోసారి ఆయన ఏమీ అనకుండ నా ముందర నిలబడ్డడు. ఆ రోజు నేను ఆయనతోని కూసొని చడావు దాక పోయిన. ముల్లు లేవంగనే రోడ్డు పక్కన ఆపి, బానెట్ లేపి, ఆయనను యాక్సిలరేటర్ తొక్కమన్న. రేస్ పెరిగిన కొద్దీ కింది హోస్ పైపు చప్పిడిల్లి రెండు గోడలు ఒకదానికొకటి అంటుకుంటున్నయి. కాలు తీయంగనే మళ్ళ గుండ్రంగ అయితున్నది. వాటర్ పంపు నీళ్ళను గుంజుకునేది ఆ పైపు నుంచే. అది గుంజుడు దిక్కు పైపు కాబట్టి లోపల స్ప్రింగు ఒకటి ఉంటది, పైపు ముడుచుకోకుండ. ఆ జీపు పైపుల స్ప్రింగు తుప్పు పట్టి ముక్కలైపోయింది, రబ్బరు వేడికి మెత్తపడ్డది. షెడ్డుల ఐడ్లింగ్ మీద పంపు గుంజుడు తక్కువ, పైపు గుండ్రంగనే ఉంటది, ఎవరికీ కనపడదు. చడావు మీద రేస్ మీద ఉంటే తన గొంతు తనే పిసుక్కుంటది. నేను రెండుసార్లు విప్పిన హెడ్‌కు ఏ రోగం లేదు. రెండు ఫేసింగుల పైసలు, లేబర్ ఆయనకు వాపస్ ఇచ్చిన. ఆయన తీసుకోనన్నా ఇచ్చిన. ఆ రోజు నుంచి బండి హీటెక్కుతది అని ఎవరు వచ్చినా ముందు 'ఎప్పుడు?' అని అడుగుత, తర్వాతనే పానా పట్టుకుంట.

నీ బండి సంగతి ఆ జీపుకు చాలా దగ్గర. ఎట్ల చూడాలంటే, బండిని పది పదిహేను కిలోమీటర్లు నడిపి బాగ వేడి చెయ్యి. చదునుగ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌ల ఒకరు మెల్లమెల్లగ రేస్ పెంచాలె. నువ్వు పక్క నుంచి కింది హోస్ పైపును చూడు. తువ్వాల, చున్నీ, వదులు చొక్కా ఏవీ ఫ్యాన్ దగ్గరికి పోవద్దు. పైపు నడుమ లోపలికి పోతున్నట్టు కనపడితే దొరికినట్టే. కనపడకున్నా, ఇంజన్ చల్లారినంక చేతితోని పిసికి చూడు. మెత్తగ ఉబ్బినట్టున్నా, లోపల స్ప్రింగు తగలకున్నా మార్చెయ్యి. 20 ఏండ్లు దాటిన బండి, ఆ పైపు ఎన్నడన్న మార్చినట్టు మీ నాయనకు యాదికి లేకపోతే పరీక్ష కూడ అవసరం లేదు. కొత్త పైపు కొనేటప్పుడు లోపల స్ప్రింగు ఉన్నదో, లేకుంటే గట్టి అల్లిక ఉన్న పైపో చూసుకొని కొను.

పై హోస్ పైపు చప్పిడిల్లుడు వేరే సంగతి. పొద్దున్నే చూస్తే పైది చప్పిడిగ ఉంటే అది మూత తప్పు. రేడియేటర్ మూతల రెండు వాల్వులుంటయి. ఒకటి ఒత్తిడి నిలిపేది, ఇంకొకటి చల్లారినప్పుడు పక్కనుండే నీళ్ళ డబ్బాల నుంచి నీళ్ళను వాపస్ గుంజుకునేది. చిన్నది ఇరుక్కుపోతే నీళ్ళు వాపస్ రావు, లోపల శూన్యం ఏర్పడి పైపు కుంచించుకుంటది. నీకు మూత కొత్తది వేసిండ్రు, మంచిది. కాని దాని మీద 0.9 (ఎన్ని బార్ల ఒత్తిడి పడుతదో ఆ లెక్క) అని ఉన్నదా, వేరే ఏమన్న ఉన్నదా, పాత దాని మీద ఎంత ఉండెనో అంతే ఉన్నదా చూడు. ఈ అంకె ఊరికే వేసింది కాదు. మూత తీసి ఉంటే నీళ్ళు 100 డిగ్రీల కాడ మరుగుతయి. 0.9 మూత పట్టి ఉంచితే 118 దాక పోయినా మరగవు. స్ప్రింగు బలం తక్కువున్న మూత వేస్తే ఘాటు మీద తొందరగ మరిగి డబ్బాలకు, డబ్బా నుంచి రోడ్డు మీదికి నీళ్ళు పోతయి. నాలుగు రోజులకు లోపల గాలి చేరతది. మళ్ళ 'అప్పుడప్పుడు హీట్' మొదలు.

ఇప్పుడు థర్మోస్టాట్. దాన్ని తీసిపారేసిండ్రు అని చదివినప్పుడు నాకు బాధ అనిపించింది. ఇది మన దిక్కు పాత అలవాటు. 'మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు, అది చలి దేశాలకు' అని చెప్తరు. 45 డిగ్రీల ఎండలనైనా ఇంజన్‌కు కావాల్సిన వేడి దానికంటే రెట్టింపు. ఈ వాల్వు 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడతది, ఎండాకాలం ఐనా చలికాలం ఐనా. అది లేకపోతే డీజిల్ ఇంజన్ చల్లగ నడుస్తది, డీజిల్ సరిగ మండదు, ఆయిల్ పాడైతది, లైనర్లు అరుగుతయి. అది ఒక నష్టం. రెండోది నీ రోగానికి నేరుగ సంబంధించింది. చాలా ఇంజన్లల్ల థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు ఇంకో పని కూడ చేస్తది. పంపు నుంచి రేడియేటర్‌కు పోకుండ నేరుగ వాపస్ తిరిగే పక్కతొవ్వ, బైపాస్ అంటరు, దాన్ని మూస్తది. థర్మోస్టాట్ తీసేస్తే ఆ తొవ్వ ఎప్పటికీ తెరిచే ఉంటది. కొంత భాగం నీళ్ళు రేడియేటర్ ముఖం చూడకుండనే మళ్ళ ఇంజన్లకు పోతయి. ఊర్ల తిరిగినప్పుడు సరిపోతది, చడావు మీద సరిపోదు. అంటే హీట్ తగ్గాలని తీసిన పార్టే బరువు మీద హీట్ పెంచుతది. కొత్తది వేయించు. వేసే ముందు ఇంట్ల గిన్నెల నీళ్ళు పెట్టి, వాల్వును దారానికి కట్టి అడుగు తగలకుండ వేలాడదియ్యి, థర్మామీటర్ పెట్టి కాగబెట్టు. ఎక్కడ తెరుచుకుంటదో, పూర్తిగ తెరుచుకుంటదో లేదో నీకే కనపడతది. కొత్తవాటిల కూడ తెరుచుకోనివి వచ్చినయి నాకు. బిగించేటప్పుడు దాని మీది చిన్న పిన్ను పైకి ఉండాలె, గాలి పోయే రంధ్రం అదే.

పాత థర్మోస్టాట్ తీసేయకముందు హీటెక్కిందా, తీసినంక కూడనా అని నువ్వు రాయలేదు. ఇరుక్కునే థర్మోస్టాట్ అయితే ముల్లు చాలా పైకి పోయి ఒక్కసారి కిందికి పడతది, ఎందుకంటే ఆలస్యంగ తెరుచుకొని రేడియేటర్ల చల్లటి నీళ్ళు ఒక్కసారిగ లోపలికి వస్తయి. ఆ సమయంల పై పైపు ముట్టుకుంటే చల్లగ ఉండి, ముల్లు మాత్రం పైన ఉంటది. ఘాటు సంగతి ఎప్పటిదో తేదీ చూసి రాయి.

నీళ్ళ గురించి రాసిన ఒక లైను కాడ నేను ఆగిపోయిన: 'వారానికి అర లీటరు బోరు నీళ్ళు పోస్తున్న.' ఇందుల రెండు తప్పులున్నయి. వారానికి అర లీటరు ఎక్కడికి పోతున్నయి అనేది ఒకటి, బోరు నీళ్ళు పోసుడు రెండోది. రెండో దాంతోని మొదలుపెడ్త.

మన నల్లగొండ నీళ్ళు అనంగనే అందరికీ ఫ్లోరైడ్ యాదికొస్తది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు మనుషుల ఎముకలు వంగిపోయింది దాని వల్లనే. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే ఉన్నది. కాని రేడియేటర్‌ను పాడుచేసేది ఫ్లోరైడ్ కాదు. నీళ్ళల్ల కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. బోరు నీళ్ళు కాగబెట్టిన గిన్నె అడుగున తెల్లగ పెంకు కడుతది కద, సబ్బు నురుగు రాదు కద, అదే. ఆ పెంకు ఇంజన్ లోపల కూడ కడుతది, అది కూడ ఎక్కువ వేడి ఉన్న కాడనే, అంటే హెడ్ చుట్టు, సిలిండర్ల చుట్టు. ఇనుము నుంచి వేడి ఎంత సులువుగ నీళ్ళల్లకు పోతదో, ఈ పెంకు నుంచి దాంట్ల ఇరవయ్యో వంతు కూడ పోదు. కాగితం మందం పెంకు కట్టినా ఇంజన్‌కు దుప్పటి కప్పినట్టే. ఆవిరైపోయేది ఉత్త నీళ్ళు, ఉప్పులు లోపలనే ఉంటయి. వారానికి అర లీటరు పోసుడంటే వారానికి ఇంత ఉప్పు వేసినట్టు. రేడియేటర్ ట్యూబులు పెన్ను రీఫిల్లు సన్నం, అవి ఒక్కొక్కటే మూసుకుంటయి. 40 ట్యూబులల్ల పది మూసుకుంటే ఊర్ల తిరిగినప్పుడు తెలియదు. ఏడుగురిని ఎక్కించుకొని ఘాటు ఎక్కినప్పుడు తెలుస్తది. నీ బండి ఇప్పుడు ఉన్నది ఆ స్థితిలనే అని నా అనుమానం.

ఇది పట్టుకునేందుకు దూరం నుంచి వేడి చూసే గన్ను ఒకటి దొరుకుతది, పెద్ద ధర కాదు, షెడ్డుల లేకున్నా నువ్వే కొనుక్కో. బండి నడిపొచ్చినంక స్టార్ట్‌ల ఉంచి రేడియేటర్ ముఖం మీద పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి గన్ను పట్టి అంకెలు రాసుకో. వేడి మెల్లగ ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కు తగ్గుకుంట పోవాలె. నడుమ ఎక్కడన్న చెయ్యంత జాగ ఉన్నట్టుండి చల్లగ ఉంటే అక్కడ ట్యూబులు మూసుకున్నట్టు, వేడి నీళ్ళు అటు పోతలేవు. పై పైపు 95, కింది పైపు 45 లాగ చాలా తేడా ఉంటే నీళ్ళు చాలా మెల్లగ తిరుగుతున్నయని అర్థం. రెండూ కాగుతుంటే, తేడానే లేకుంటే గాలి తగులతలేదని. మెరిసే ఇనుము మీద గన్ను తప్పు చూపిస్తది, రబ్బరు పైపు మీదనో నల్ల టేపు అంటించో చూడు.

ట్యూబులు మూసుకున్నయని తేలితే, రాగి ఇత్తడి రేడియేటర్ అయితే ట్యాంకు విప్పి రాడింగ్ (ట్యూబులల్ల సన్న కడ్డీ దూర్చి గీకుడు) చేయించొచ్చు. మంచి పనిమంతుడు చేస్తే మళ్ళ కొన్నేండ్లు నడుస్తది. అల్యూమినియం రేడియేటర్‌కు ప్లాస్టిక్ ట్యాంకు ఉంటే రాడింగ్ అనేది లేదు, మార్చుడే. ఘాటైన యాసిడ్ పోసి కడుగుత అంటే ఒప్పుకోకు, పెంకుతోని పాటు టాకా (అతుకు) కూడ తింటది. రేడియేటర్ ఫ్లష్ మందు వేసి దాని మీద రాసినంత సేపే నడిపి తీసెయ్యాలె. ఇంకో మాట, అందరూ రేడియేటర్ కింది ట్యాపు తిప్పి నీళ్ళు తీసి అయిపోయిందంటరు. ఇంజన్ బ్లాకుకు పక్కన వేరే డ్రెయిన్ ప్లగ్ ఉంటది. అది విప్పితేనే అసలు బురద బయటికి వస్తది. విప్పినా నీళ్ళు రాకపోతే భయపడకు, తీగతోని పొడువు. అంత పేరుకుందన్న మాట. కడిగినంక పాత బండ్లు కొన్ని కొత్తగ కారుడు మొదలుపెడతయి, అన్నాళ్ళు తుప్పే ఆ రంధ్రాన్ని మూసి ఉంచింది కాబట్టి. అది కడుగుడు తప్పు కాదు.

తర్వాత పోయాల్సింది కూలెంట్, బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్, సగం సగం. రెడీగ కలిపి అమ్మేది అయితే ఇంక నీళ్ళు కలపొద్దు. ఆకుపచ్చది, ఎర్రది ఇష్టమొచ్చినట్టు కలపొద్దు, కొన్ని కలిస్తే జిగురు లాగ అయితయి. కూలెంట్ అంటే చల్లదనం కోసమే అనుకుంటరు. మనకు దాంతోని అంతకంటే ఎక్కువ లాభం తుప్పు పట్టకపోవుడు. తుప్పు నీళ్ళే వాటర్ పంపు రెక్కలను తినేస్తయి. రెక్కలు అరిగిన పంపు చూసేందుకు తిరుగుతనే ఉంటది, నీళ్ళు మాత్రం కావాల్సినంత పంపదు. రేడియేటర్ మార్చేటప్పుడు పంపు కూడ విప్పి రెక్కలు చూడమను. బెల్టు లూజున్నా పంపు జారుతది. నడుమ బొటనవేలితోని ఒత్తితే అర అంగుళం వంగాలె, అంతకంటే ఎక్కువ కాదు. బెల్టు లోపలి దిక్కు అద్దంలాగ మెరుస్తుంటే మార్చు.

ఇగ వారానికి అర లీటరు ఎక్కడికి పోతుంది? ఇది తేల్చకుండ హెడ్ గురించి మాట్లాడొద్దు. షెడ్డుల రేడియేటర్ ప్రెషర్ టెస్టర్ అడుగు. మూత జాగల బిగించి చేతితోని పంపు కొట్టి 0.9 దాక తీసుకపోయి పావుగంట ఉంచాలె. టెస్టర్ ముల్లు దిగకుంటే బయట లీకు లేదు. దిగితే టార్చ్ పట్టుకొని వెతుకు. పంపు కింద చిన్న రంధ్రం ఉంటది, అక్కడ తెల్లటి మరక ఉంటే పంపు సీలు. క్లిప్పుల కాడ, బ్లాకు పక్క బిళ్ళల కాడ, హీటర్ ఉంటే లోపల కాళ్ళ కింద మ్యాటు తడి. క్లిప్పులు చాలాసార్లు ఇంజన్ చల్లగున్నప్పుడే కారుతయి, వేడెక్కితే పైపు ఉబ్బి మూసుకుంటది. అందుకే పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు చూడాలె.

బయట ఎక్కడా లేకుంటే, అప్పుడే హెడ్ మీద అనుమానం. దానికి కూడ విప్పకుండనే పరీక్షలున్నయి. రాత్రంత ఆగిన బండిని మూత తీసి స్టార్ట్ చెయ్యి, నీళ్ళల్ల వరుసగ బుడగలు వస్తనే ఉన్నయా చూడు. మొదట కొన్ని వస్తయి, ఇరుక్కున్న గాలి. ఆగకుండ వస్తుంటే అది మండిన గ్యాస్. మూత పెట్టి స్టార్ట్ చేస్తే ఇంజన్ ఇంకా చల్లగ ఉండంగనే, నిమిషం రెండు నిమిషాల్ల పై పైపు రాయిలాగ గట్టిపడుతుందా? అది కూడ గ్యాసే. నీలిరంగు ద్రావకం ఉండే టెస్టర్ ఒకటి ఉంటది, రేడియేటర్ నోటి మీద పెట్టి ఆవిరిని గుంజితే మండిన గ్యాస్ ఉంటే రంగు ఆకుపచ్చ దిక్కో పసుపు దిక్కో మారుతది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన చాయ్ లాగ ఉన్నదా, సైలెన్సర్ల నుంచి తెల్లపొగ ఇంజన్ వేడెక్కినంక కూడ ఆగతలేదా. వీటిల ఏదన్న ఒకటి గట్టిగ తేలితే విప్పించు, నేనే చెప్త. ఒక్క మినహాయింపు: హెడ్‌ల సన్న పగులు ఉంటే వేడెక్కినప్పుడే తెరుచుకుంటది, చల్లగ అన్ని పరీక్షలు పాసైతది. అందుకని వీటిల మూత తీసే పని లేనివి బండి బాగ నడిపొచ్చినంక ఇంకోసారి చూడాలె, వేడిమీద మూత మాత్రం తీయొద్దు.

డీజిల్ పంపు టైమింగ్ ఆలస్యంగ ఉన్నా, నాజిల్స్ కారినా హీట్ వస్తది, కాని దాంతోని నల్లపొగ, పికప్ తగ్గుడు కూడ ఉంటది, నువ్వు రాయలేదు. వెనక డ్రమ్ములు బ్రేకు పట్టి ఉన్నయా, పది కిలోమీటర్లు పోయినంక చెయ్యి దగ్గర పెట్టి చూడు. పట్టిన చక్రం వేడికి తెలుస్తది.

తొవ్వల మళ్ళ కాగితే ఏం చెయ్యాలో ఇంట్ల అందరికీ చెప్పు. ముల్లు లేవంగనే ఏసీ బంద్, హీటర్ ఉంటే ఫుల్లు పెట్టు. ఎండాకాలం హీటర్ వేసుడు కష్టమే కాని అది చిన్న రేడియేటర్ లాగ పనిచేస్తది. గేరు తగ్గించి మెల్లగ పక్కకు తీసుకో. ఆవిరి వస్తుంటే, ముల్లు ఉన్నట్టుండి పడిపోతే వెంటనే ఇంజన్ బంద్ చెయ్యి. ఆవిరి లేకుంటే ఒకటి రెండు నిమిషాలు ఐడ్లింగ్‌ల ఉంచి ఆపు. మూత దగ్గరికి కనీసం ముప్పావు గంట పోవద్దు. ఒకసారి చెరువుగట్టు జాతర రోజు గట్టు కింద ఒక పిల్లగాడు వేడిమీద మూత తిప్పి మొఖం, మెడ కాల్చుకున్నడు, నేనే దవాఖానకు తీసుకపోయిన. చల్లారినంక కూడ మందం బట్ట వేసి సగం తిప్పి ఆగు, సప్పుడు పోయినంక పూర్తిగ తియ్యి. నీళ్ళు పోసేటప్పుడు ఇంజన్ స్టార్ట్‌ల పెట్టి, కొంచెం కొంచెం, గోరువెచ్చటివి దొరికితే ఇంక మంచిది. కాగుతున్న ఇంజన్ల బావి నీళ్ళు ఒక్కసారి కుమ్మరిస్తే అప్పటి దాక మంచిగున్న హెడ్ అప్పుడు పగులుతది. అడవిల వేరే దిక్కు లేకుంటే బోరు నీళ్ళైనా పొయ్యి, ఇల్లు చేరినంక తీసేసి కూలెంట్ పొయ్యి.

ఈ వారం నువ్వు చేయాల్సింది ఇది. సెన్సార్ వైరు చూడు, కండెన్సర్ వెనక సందు కడుగు, కింది హోస్ పైపు రేస్ మీద చూడు, ప్రెషర్ టెస్ట్ చేయించు. తర్వాత థర్మోస్టాట్, కింది పైపు కొత్తవి వేయించి, గన్నుతోని రేడియేటర్ అంకెలు రాసుకో. బండిల ఒక చిన్న పుస్తకం పెట్టు. ముల్లు సగం దాటినప్పుడల్లా ఎక్కడ, ఎంత స్పీడు, ఏసీ ఉన్నదా, ఎంతమంది, ఎన్ని నిమిషాల్ల లేచింది, ఎట్ల దిగింది రాయాలె. ఇవన్నీ అయినంక డిండి మీద నుంచి మన్ననూర్ దాక ఇద్దరు ముగ్గురిని ఎక్కించుకొని ఒకసారి పోయి రా, పొద్దుటి పూట, ఐదు లీటర్ల కూలెంట్ వెంట పెట్టుకొని. ఆ అంకెలు, ఆ పుస్తకంల రాసింది నాకు పంపు. అప్పటి దాక ఆ హెడ్ నట్టుకు ఎవరినీ పానా పెట్టనియ్యకు.